మచ్చ తీసేసిన ఫోటో

మీ ఒంటి మీది గాయాన్ని, మిమ్మల్ని మాటమాత్రమైనా అడక్కుండా, ఎవరైనా చెరిపేస్తే మీరు వాళ్ళకు దండం పెడతారా, దావా వేస్తారా? తొందరపడి జవాబు చెప్పకండి. చెరిపిన మనిషి దుర్మార్గురాలు కాదు. మంచి చేస్తున్నాననుకునే చేసింది. చిక్కంతా అక్కడే ఉంది.

ఆ అమ్మాయిని విశ్వవిద్యాలయంలో అందరూ టచప్ అని పిలుస్తారు. ఫోటోగ్రఫీ డిగ్రీ, ఆఖరి సంవత్సరం. ఆ పేరుకు మూలం ఆమె తండ్రి స్టూడియో. మందుల దుకాణానికీ జిరాక్స్ కొట్టుకూ మధ్య ఇరుక్కున్న ఒంటి గది అది. గోడకు నీలం తెర, తెర ముందు గుండ్రటి స్టూలు, తల దువ్వుకోవడానికి అంచు విరిగిన అద్దం. పాస్‌పోర్టు సైజు ఫోటోలకు ఆ చుట్టుపక్కల ఆయనే దిక్కు. ఆయన పద్ధతి ఒక్కటే: మొహం కంప్యూటరు తెర మీదికి రాగానే ముందు శుభ్రం చేయాలి. మొటిమ, గీరుకుపోయిన గాటు, కంటికింది నలుపు, ఏదైనా సరే. ఎవరూ అడగనక్కర్లేదు, మనం చెప్పనక్కర్లేదు. "మన దగ్గరికి ఎలా వచ్చినా సరేనమ్మా, వెళ్ళేటప్పుడు మాత్రం బావుండి వెళ్ళాలి" అనేవాడు. పదేళ్ళ వయసు నుంచీ ఆమె ఆయన పక్కన కూర్చుని ఆ పని చేసింది. చొక్కా బొత్తాలు పెట్టుకునేటప్పుడు వేళ్ళకు ఎవరూ దారి చూపనక్కర్లేనట్టే, మచ్చ కనిపిస్తే ఆమె వేళ్ళకూ ఎవరూ చెప్పనక్కర్లేదు.

అలాంటి పిల్ల ఫోటోగ్రఫీయే చదువుతానంటే ఇంట్లో నవ్వారు. "బొత్తాం నొక్కడానికి నాలుగేళ్ళా? అయితే లిఫ్టు నడిపేవాడు డాక్టరేటు చెయ్యాలే!" అంది పిన్ని. తండ్రి మాత్రం నవ్వలేదు. దరఖాస్తు కాగితానికి అతికించాల్సిన ఫోటో తనే తీసి, తనే శుభ్రం చేసి ఇచ్చాడు.

ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుకు ఆమె డాక్యుమెంటరీని ఎంచుకుంది. ఆ విభాగం చూసే మేడం నియమాలు మూడంటే మూడు. వెలుతురు సర్దుకోవచ్చు, అంచులు కత్తిరించుకోవచ్చు. చట్రంలో ఉన్నదాన్ని తీయకూడదు, లేనిదాన్ని పెట్టకూడదు. ప్రతి ఫోటో కిందా తేదీ, గంట, నిమిషం వేయాలి. ఇవన్నీ పాటించానని విద్యార్థి సంతకం చేసి ఇవ్వాలి. తప్పితే ప్రాజెక్టు రద్దు, ఏడాది మళ్ళీ మొదటికి.

హోటళ్ళ దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే ఒక పెద్ద లాండ్రీకి ఆమె రెండు నెలలపాటు వెళ్ళింది. ఆవిరి, తడిబట్టల వాసన, ఒకరి మాట ఒకరికి వినపడనివ్వని యంత్రాల రొద. వేడి రోలరు దగ్గర పనిచేసే ఆవిడను అందరూ పెద్దక్క అనేవారు. ఒకరోజు మధ్యాహ్నం పెద్దక్క ఎడమ ముంజేతి మీద అరచేయంత బొబ్బ కనిపించింది. పక్కన తడిగుడ్డ పెట్టుకుని, అప్పుడప్పుడూ అద్దుకుంటూ పని చేస్తూనే ఉంది.

"అయ్యో, ఏమైంది పెద్దక్కా?"

"ఏముంది, పొద్దున్నే రోలరుకు నా మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ముద్దు పెట్టింది. నీ పని నువ్వు చూసుకో తల్లీ."

ఆమె తన పనే చూసుకుంది. పెద్దక్క తలెత్తి నవ్విన క్షణాన కెమెరా మీట నొక్కింది. రెండు నెలల్లో తీసిన వాటిలో అంతకు మించిన ఫోటో లేదు.

మర్నాడు సాయంత్రం అయిదింటిలోగా నలభై ఫోటోలు అప్పగించాలి. ఎడిటింగ్ గదిలో వరసగా పని చేసుకుపోతూంటే వేళ్ళు తమ పని తాము చేసేశాయి. ప్రింటు చేతికొచ్చాక గానీ ఆమె గమనించలేదు: బొబ్బ లేదు. చెయ్యి నున్నగా ఉంది. ఇంకో సంగతి ఇక్కడ దాచిపెట్టడం న్యాయం కాదు: గమనించాక కూడా ఆమె దాన్ని సరిచేయలేదు. సమయం లేదనుకుంది. పెద్దక్క బావుంది కదా, ఎవరికేం నష్టమనుకుంది. సంతకం చేసింది. కృతజ్ఞతగా ఒక ప్రతిని లాండ్రీకి కూడా ఇచ్చింది. వాళ్ళు దాన్ని ఆఫీసు గోడకు తగిలించారు.

ప్రదర్శనలో ఆ ఫోటోకే మొదటి స్థానం దక్కింది. చూడటానికి వచ్చిన ఒక వారపత్రిక ఫోటో సంపాదకుడు ఆమెకు అక్కడికక్కడే ఏడాది శిక్షణోద్యోగం ఇస్తానన్నాడు. శుక్రవారం విభాగం ఫలితాలను ఖరారు చేయడమే తరువాయి.

మంగళవారం మధ్యాహ్నం ప్రదర్శన హాలు దాదాపు ఖాళీగా ఉంది. ఎవరో ఒకావిడ ఆ ఫోటో ముందు కదలకుండా నిలబడి ఉంది. ఎడమచేతికి మోచేతిదాకా కట్టు.

"పెద్దక్కా! చెప్పకుండా వచ్చారేంటి?"

"ఈ చెయ్యి ఎవరిదే?" పెద్దక్క తల తిప్పలేదు.

"మీదే కదక్కా."

"నాదైతే మరి నా బొబ్బేదీ?"

జవాబు కోసం ఆగకుండా పెద్దక్క చెప్పుకుపోయింది. "మూడోరోజుకి చీము పట్టింది. అప్పుడు వెళ్ళా ఆస్పత్రికి. చీటీ మీద ఆ తేదీయే ఉందిగా. ఇంట్లో కాల్చుకుని మా మీద రుద్దుతోందని రాసి, మేనేజరు నన్ను పన్లోంచి తీసేశాడు. నేనూరుకుంటానా? లాండ్రీకి విచారణకొచ్చిన కార్మికశాఖాయన ముందే అన్నా, అయ్యా, ఆ రోజు కాలేజీ పిల్ల ఫోటో తీసింది, అందులో చూసుకోండి అని. ఎంత ధీమాగా అన్నానో! మేనేజరు నవ్వుకుంటూ లేచి, గోడ మీంచి నీ ఫోటోనే తెచ్చి బల్ల మీద పెట్టాడు. కింద తేదీ, గంట, నిమిషంతో సహా."

టచప్ ఫోటో కింది తేదీ వంక చూసింది.

"నాకే మతి పోయిందేమో అనుకున్నా. వెలుతురు పడి కనపడలేదా? లేకపోతే తేదీ తప్పు పడిందా? తేదీయే అయ్యుంటుందిలే. ఈ ఫోటో అంతకుముందు వారందని ఓ ముక్క రాసియ్యి. నీకు పోయేదేం లేదు, నా మీద అబద్ధాలకోరన్న మాట పోతుంది. రేపు మూడింటికి లాండ్రీలోనే మళ్ళీ విచారణ."

"చూస్తానక్కా" అంది టచప్.

పెద్దక్క వెళ్ళిపోయాక ఆమె ఎడిటింగ్ గదికి పరుగెత్తి అసలు ఫైలు తెరిచింది. అంతా ఉంది. ఉబ్బిన బొబ్బ, తడిగుడ్డ, వెనకాల రోలరు అంచు. నిమిషం, సెకనుతో సహా కెమెరా తనంతట తాను రాసుకున్న సమయం. తేదీ తప్పని రాసివ్వడం ఎంత సులువు! ఒక్క వాక్యం. ఇద్దరూ బయటపడతారు. కాదు, తను బయటపడుతుంది. పెద్దక్క మీదున్న ఒక అబద్ధం తొలగుతుంది గానీ, యంత్రం దగ్గరే కాలిందనడానికి ఉన్న ఒకే ఒక సాక్ష్యం దాంతోపాటే సమాధి అవుతుంది. ఆవిడ ఉద్యోగం తిరిగి రాదు.

నాలుగింటికి స్టూడియోకు వెళ్ళింది. తండ్రి ఎవరిదో మొహం శుభ్రం చేస్తున్నాడు. చెప్పిందంతా విన్నాడు గానీ చెయ్యి ఆపలేదు.

"దానికింత మొహం వేలాడేసుకోవాలా? తీసినవాళ్ళకి పెట్టడం రాదా? ఇలా తే, పది నిమిషాల్లో బొబ్బ పెట్టేస్తా."

"నాన్నా! అసలు ఫైల్లో ఉంది."

"ఉంటే ఇంకేం, ఇచ్చెయ్."

"ఇస్తే మొదటిది నేను మార్చానని ఒప్పుకోవాలి. ఏడాది పోతుంది. పత్రికవాళ్ళూ పోతారు."

అప్పుడాగింది ఆయన చెయ్యి. "ప్రింటరు పాడైందను. మింగేసిందను."

"చేతిని వదిలేసి బొబ్బనొక్కదాన్నే మింగిందా?"

"వెటకారాలకేం తక్కువ లేదు" అన్నాడు. గొంతు మార్చి, "అయితే ముప్ఫై ఏళ్ళుగా నేను చేసేది దొంగపనంటావు. నేను మాత్రం ఎవర్ని అడిగాను?"

నోటిదాకా వచ్చిన మాట అంటే ఆయన ఏమవుతాడో ఆమెకు తెలియదు. అనకపోతే తను ఏమవుతుందో తెలుసు.

"మొహం బావుండాలనే వస్తారు నాన్నా మన దగ్గరికి. ఆవిడ మన దగ్గరికి రాలేదు. నేనే ఆవిడ దగ్గరికి వెళ్ళాను."

ఆయన తెర వంక చూశాడు. తెర మీది మొహంలో ఒక గాటు సగం చెరిగి, సగం మిగిలి ఉంది. చివరికి ఆమె వెంట తెచ్చిన, ఫైలున్న పెన్‌డ్రైవు కోసం చెయ్యి చాపాడు.

"ఎన్ని కాపీలు?" అన్నాడు ముక్తసరిగా.

"రెండు."

బుధవారం తొమ్మిదింటికి ఆమె మేడం గదిలో నిలబడి ఉంది. బల్ల మీద కవరు. అందులో మార్చిన ఫోటో, అసలు ఫోటో, చేసింది ఒప్పుకుంటూ ఒక ఉత్తరం. మేడం ఉత్తరాన్ని రెండుసార్లు చదివింది. కళ్ళజోడు తీసింది.

"శుక్రవారం ఫలితాలు. అవి ఖరారయ్యేదాకా నువ్వు నా గదికి రాకుండా ఉండాల్సింది. ఇది ఒకసారి తీసుకున్నాక వెనక్కివ్వలేను. తెలుసుగా?"

"తెలుసు మేడం. విచారణ ఇవాళే."

"మళ్ళీ ఏడాదంతా చదవాలి. ఆ సంపాదకుడు ఆగడు."

"ఆగరు మేడం."

మేడం కవరును సొరుగులో పెట్టి తాళం వేసింది. జాలి చూపలేదు, మెచ్చుకోలేదు. "సంతకం కింద తేదీ వేయలేదు. వేసి వెళ్ళు" అంది.

తేదీ వేసి బయటికొచ్చాక టచప్‌కు ఒక్క విషయం మాత్రం మిగిలింది. విచారణ మూడింటికి. విచారణ కోసం సిద్ధం చేసిన రెండో కవరు ఎవరితోనైనా పంపవచ్చు. తనే తీసుకెళ్ళి అధికారి చేతికిచ్చి, ఆయన అడిగినదానికి జవాబు చెప్పి వచ్చేయనూ వచ్చు. ఏ దారి తొక్కినా, మేనేజరు వినే క్షణానే పెద్దక్కా వింటుంది, నలుగురి మధ్యా, ముందుగా తెలియకుండా. ఆవిడను అడక్కుండా చేసిన పనిని, ఆవిడకు చెప్పకుండానే సరిదిద్దినట్టవుతుంది.

టచప్ లాండ్రీకి మూడింటికి కాదు, రెండింటికే వెళ్ళాలని నిశ్చయించుకుంది. గేటు బయటే పెద్దక్కను ఆపి, ఎవరూ వినకముందు, వెలుతురూ కాదు తేదీ కాదు, మీ బొబ్బను తీసేసింది నేనేనని ఆవిడ కళ్ళలోకి చూసి చెప్పాలని. ఆవిడ తిట్టినా, కొట్టినా, ఆ తరవాతే లోపలికి వెళ్ళాలని.