జాబితాలో ఆఖరి పేరు

తాళాల మామయ్యకి ఉన్న పిచ్చి ఒక్కటే. ఇంట్లో ఎవరు ఏ పరీక్షకి కట్టినా తనూ కడతాడు. కట్టి ఊరుకున్నా బావుండేది. వెళ్ళి, రాసి, అందరికన్నా ఘనంగా తప్పి వస్తాడు.

పెద్దకొడుకు టైపు పరీక్షకి వెళితే తనూ వెళ్ళి, గంటసేపు ఒంటివేలితో పొడిచి ఒకటిన్నర వాక్యం తేల్చాడు. అత్తయ్య కుట్టుపోటీకి వెళితే పక్కనే కూర్చుని, కుడుతున్న సంచీని తన చొక్కా అంచుతో కలిపి కుట్టేసుకున్నాడు. చిన్నకొడుకు ఈత పరీక్షలో అయితే మోకాలిలోతు నీళ్ళలో కడ్డీ పట్టుకుని నలభై నిమిషాలు నిలబడ్డాడు. ఇద్దరు మనుషులు దిగి లాగాల్సి వచ్చింది. తప్పిన ప్రతిసారీ తన తాళాల దుకాణం మెట్ల మీద నిలబడి, తాళంచెవిని ఆకురాయితో రాస్తూ, వచ్చేపోయేవాళ్ళకి తనే చాటింపు వేసేవాడు.

"మేం తప్పామండీ. నేనైతే మరీనూ."

వీధి వీధంతా ఆయన్ని చూసి నవ్వేది.

ఈ పిచ్చికి అందరికన్నా ఎక్కువగా బలైపోయింది ఆ ఇంట్లోనే ఉంటున్న మేనకోడలు. ఆమెది బస్సు సీట్లకి కవర్లు కుట్టే షెడ్డులో పని. ఒకరోజు అక్కడికి ఓ చిన్న విమానం సీట్లు వచ్చాయి. కవరు సరిపోయిందో లేదో చూద్దామని పైలట్ సీట్లో కూర్చుంది. లేచేసరికి మనసు కుట్టుమిషను మీద లేదు. నడిపితే విమానమే నడపాలని, విమానాల బడిలో రాతపరీక్షకి కట్టింది. మర్నాడే మామయ్యా కట్టాడు.

వంద ప్రశ్నలు. ఒక్కోదానికి నాలుగు జవాబులిస్తారు, సరైనదానికి టిక్కు పెట్టాలి. డెబ్భై వస్తే ప్యాసు. మొదటిసారి ఆమెకి ఇరవై ఆరు వచ్చాయి. నోటీసు బోర్డు మీద మార్కుల వరసలో అంటించిన జాబితాలో ఆమెది కింది నుంచి రెండో పేరు. ఆఖరి పేరు ఎవరిదో చెప్పక్కర్లేదు. రెండోసారి నలభై ఎనిమిది, మూడోసారి అరవై ఏడు. ఆ మూడు మార్కులకి ఆమె కుమిలిపోతుంటే, మామయ్య అప్పటికే మెట్లెక్కి మొదలుపెట్టేశాడు.

"నువ్వు తప్పితే తప్పావు, మధ్యలో నన్నెందుకు కలుపుతావు?" అని విసుక్కుంది.

"జోడీగా చెబితే వినేవాళ్ళకి బావుంటుందమ్మా."

ఈలోగా షెడ్డు యజమాని ఆమెని సూపర్‌వైజరుగా వేస్తానన్నాడు. నెలాఖరుకల్లా ఏదో ఒక మాట చెప్పాలి. ఒప్పుకుంటే ఇక చదువుకి తీరిక ఉండదు. నాలుగోసారీ పోతే విమానం ఊసే ఎత్తకూడదని తనకి తనే ఒట్టు పెట్టుకుంది. పరీక్ష ముందురోజు మామయ్యని బతిమాలింది.

"ఈ ఒక్కసారికీ రాకు మామయ్యా. నీ దగ్గు వింటే చదివిందంతా పోతుంది నాకు."

"దగ్గుమందు తాగి వస్తాలే."

వచ్చాడు. నాలుగు పెన్సిళ్ళు, కుర్చీలోకి ఓ దిండు, దగ్గుమందు సీసా. ప్రశ్నపత్రం చేతికివ్వగానే చెయ్యెత్తి, "అయ్యా, విమానానికి హారన్ ఉంటుందా?" అని అడిగాడు. హాలంతా నవ్వింది. ఆమె తల బల్లకేసి కొట్టుకోవడం ఒక్కటే తక్కువ. అంతవరకూ ఉన్న పరీక్ష భయం ఆ కోపంలో ఎగిరిపోయిందని మాత్రం ఆమె గమనించలేదు.

ఈసారి డెబ్భై నాలుగు. బోర్డు ముందే ఏడ్చేసింది. అట్టడుగున యథాప్రకారం మామయ్య. మార్కులు సున్నా.

విమానాల బడి మాస్టారు ఆమెని గదిలోకి పిలిచారు. బల్ల మీద మామయ్య జవాబు పత్రాలు నాలుగూ పరిచి ఉన్నాయి.

"మీ మామయ్యగారికి మొదట ఇరవై రెండు. అది నిజాయితీగా తప్పిందే. తర్వాత తొమ్మిది. తర్వాత మూడు. ఇప్పుడు సున్నా."

"ఆయనంతేనండి," అంది సిగ్గుపడుతూ.

"అంతే అని తీసెయ్యకమ్మా. ఏమీ తెలియనివాడు కళ్ళు మూసుకుని టిక్కులు పెట్టినా ఇరవయ్యో పాతికో వస్తాయి. వందలో ఒక్కటీ తగలకుండా తప్పించుకోవాలంటే వంద జవాబులూ తెలిసుండాలి. నా పరీక్షని ఇంత బాగా రాసినవాడు ఇంతవరకూ లేడు."

తన పుస్తకాల అంచులకి రోజూ అంటుకుని కనిపించే ఇనప రజను ఎక్కడిదో ఆమెకి అప్పుడు అర్థమైంది. తిన్నగా దుకాణానికి వెళ్ళింది.

"అన్నీ తెలిసి ఎందుకు తప్పావు?"

మామయ్య తల ఎత్తకుండా తాళంచెవి రాస్తూనే ఉన్నాడు. "ఆఖరి పేరు చూసి జనం నవ్వుతారమ్మా. ఒకసారి నవ్వులపాలైనవాళ్ళు మళ్ళీ పరీక్షకి కట్టరు. నాకైతే అలవాటే."

ఆమెకి కోపమూ ప్రేమా ఒక్కసారే ముంచుకొచ్చాయి. అలవాటైంది గనక కోపాన్నే బయటికి తీసింది.

"ఇంక చాలు, ఆపు. ఇకమీదట నాకున్నది గాల్లో పరీక్ష. అక్కడ తప్పడమంటే కింద పడటం."

మామయ్య జేబులోంచి మడత పెట్టిన కొత్త ఫారం తీశాడు.

"రాతది నెగ్గితేగానీ గాల్లోదానికి రానివ్వరట. అందుకే ఈసారికి ప్యాసవుదామనుకుంటున్నాను," అన్నాడు, స్టూలెక్కితేనే కళ్ళు తిరిగే ఆ మనిషి.