బట్టీలకు వెల్ల వేయించింది నేనే

మా నది ఒడ్డున పడవలు ఎక్కే చోట ఒక పలక ఉంది. పక్కనున్న రెండు సున్నపు బట్టీలు ఎన్నడో వాడుక తప్పిన పాతకాలపు కట్టడాలని దాని మీద రాసి ఉంటుంది. అది అబద్ధం. ఆ అబద్ధాన్ని మొదట కాగితం మీద పెట్టినవాణ్ణి నేను. వారానికి ఒకసారైనా అటు వెళ్తాను, నిలబడతాను, రెండు నిమిషాలు కూడా కుదురుగా ఉండలేక తిరిగి వస్తాను.

డెబ్బైలలో మా నాన్నకు పుదుచ్చేరి బజారులో కొట్టు ఉండేది. సున్నం, కావి, నీలిమందు, కుంచెలు అమ్మేవాడు. సున్నం ఆ బట్టీల నుంచే వచ్చేది. సముద్రపు ఆటుకు నదిలో నీళ్లు తగ్గగానే ఆడవాళ్లు మోకాటి లోతు బురదలో దిగి, కాళ్లతో తడిమి గుల్లలు ఏరేవారు. బొగ్గు ఒక వరస, గుల్లలు ఒక వరస పేర్చి కాల్చి, పైన నీళ్లు చల్లితే తెల్లటి పొడిగా విడిపోయేది. ఊళ్లో తెల్లటి గోడలు చూసి మెచ్చుకునేవాళ్లకు ఆ బురద సంగతి తెలియదు.

రెండు బట్టీలనూ నడిపింది ఒక్క మనిషే. భర్త పోయాక పని ఆమె చేతికి వచ్చింది. మాలాగే తరాల కిందట వచ్చి స్థిరపడిన తెలుగువాళ్లు. ఇంట్లో తెలుగు, బయట తమిళం, చదువు మాత్రం ఏ భాషలోనూ లేదు. చుట్టరికం లేకపోయినా నేను అత్తా అనేవాణ్ణి.

"నాకు కూతురు లేదు గానీ, ఉండుంటే నీకిచ్చేదాన్ని కాదు అల్లుడూ" అనేది. "గంప ఎత్తేదానికి నీకు నడుము యాడుండాది?"

ఎనభైలు వచ్చేసరికి నేను నది పర్యాటక పథకంలో తాత్కాలిక గుమాస్తాను. పథకం మంచిదని ఈనాటికీ అంటాను. మిల్లుల రంగునీళ్లు నదిలో కలవకుండా ఆపాలి, మోటార్లు లేకుండా తెడ్లతోనే పడవలు నడపాలి, ఒడ్డున మడ చెట్లు కొట్టకూడదు, పాత గోదాములూ బట్టీలూ వచ్చినవాళ్లకు చూపాలి. అన్నింటికన్నా ముఖ్యం, ఒడ్డున నడుస్తున్న పనులను కదిలించకూడదు. నేల సర్కారుది. అత్తకు కాగితాలు లేవు, వాడుకే ఆమె హక్కు. ఏ పని నడుస్తోంది, ఏది ఆగిపోయింది అని జాబితా రాయడం నా వంతు.

కార్తీకంలో పెద్ద అధికారి చూడటానికి వస్తున్నాడని తెలిసింది. మా వైపు వానాకాలం అదే. నదికి వరద వస్తుంది, గుల్లలు దొరకవు, బట్టీలు చల్లారి ఉంటాయి. సంక్రాంతికి తై నెల పుట్టాకే మళ్లీ మంట. ఒడ్డున ఉన్నవాళ్లకి ఇది చెప్పనక్కర లేదు. ముందురోజు నేను అత్త దగ్గరికి వెళ్లాను.

"అత్తా, రేపు పెద్ద సారు వస్తా ఉండాడు. ఈ బూడిదేంది, ఈ కుప్పలేంది? కొంచెం సుద్దం చేయించు."

"పెండ్లిచూపులా అల్లుడూ? బట్టీకి పూలు గూడా పెట్టాల్నా?"

"నవ్వొద్దు. ఆయనకి నచ్చితేనే ఇది నిలబడేది."

"సరే. నీ మాట మీద చేస్తా."

చెప్పినదానికన్నా ఎక్కువే చేసింది. మిగిలిన గుల్లలు ఇంటి పెరట్లోకి మోయించింది. బూడిద ఊడ్పించింది. తన సున్నంతోనే రెండు బట్టీలకూ లోపలా బయటా వెల్ల వేయించింది, మంట పెట్టే నోటి దగ్గర మసి కూడా కనపడకుండా. ముందు ముగ్గు పెట్టింది. మర్నాడు పొద్దున్నే వెళ్లి చూశాను. అక్కడ మనిషి పనిచేసిన జాడ ఒక్కటి మిగల్లేదు.

వాన తెరిపిచ్చినప్పుడు అధికారి గొడుగు మడిచి చుట్టూ తిరిగాడు. లోపలికి తొంగి చూశాడు. "ఎంత బాగున్నాయి! పని మానేసి ఎన్నాళ్లయింది?" అని ఇంగ్లీషులో అడిగాడు.

నా ఉద్యోగం ఖాయం చేసే కాగితం ఆయన బల్ల మీద ఉంది. ఆయన ముఖం సంతోషంగా ఉంది. ఆ సంతోషాన్ని చెడగొట్టడం నా చేత కాలేదు.

"చాలా కాలమే అయింది సార్" అన్నాను.

అత్త నా పక్కనే నిలబడి ఉంది. "ఏమంటాడు?"

"బాగా సుద్దంగా పెట్టినావంట."

"తై నెలలో వస్తే మంట చూపిస్తానని చెప్పు."

నేను ఆయన వైపు తిరిగి, మీరు వచ్చినందుకు ఆమె సంతోషిస్తోందని చెప్పాను.

బట్టీలను ఆగిపోయిన పనుల కింద రాసిన జాబితా నా బల్ల మీద ఇరవై రోజులకు పైగానే ఉంది. తీసేవాణ్ణి, పెట్టేవాణ్ణి. ఒక్క గీతతో సరిచేయవచ్చు. లేచి వరండాలోకి వెళ్లేవాణ్ణి, టీ తాగి వచ్చేవాణ్ణి, మళ్లీ తీసేవాణ్ణి. చివరికి అలాగే పంపాను. ఉద్యోగం ఖాయమైంది.

తై నెలలో అత్త ఆఫీసు గుమ్మం దగ్గరికి వచ్చింది.

"కంచె ఏసినారు అల్లుడూ. బొగ్గు బండి బయటే నిలిచిపోయె. ఇది నడిచే బట్టీ అని నువ్వు చెప్పలేదా?"

"చెప్పినా అత్తా. వాళ్లు వినలే."

ఆమె నన్నే ఓదార్చింది. "నువ్వేం చేస్తావులే" అని, మంచినీళ్లు అడిగి తాగి వెళ్లిపోయింది. కొన్నాళ్లకు సేదరపేట్ దారిలో ఒక ఫ్యాక్టరీలో ఊడ్చే పనికి కుదిరింది.

చాలా ఏళ్ల తర్వాత, ఆమె ఇందిరా నగర్‌లో తమ్ముడి దగ్గర ఉంటోందని తెలిసి వెళ్లాను. బియ్యంలో రాళ్లు ఏరుతోంది. కూర్చోమంది. కూర్చోలేకపోయాను. నిలబడే అంతా చెప్పాను, అధికారి అడిగింది, నేను అన్నది, ఆమె మాటను నేను మార్చి చెప్పింది.

చేతులు ఆపి విన్నది.

"ఇన్నేండ్లు ఆ సారునే తిట్టుకుంటా ఉండా" అంది. "ఆయనకి చెప్పినావా ఇది?"

"ఆయన పోయి శానా నాళ్లాయె అత్తా."

"ఆఫీసులో?"

"లేదు."

"మరి చెప్పాల్సినోళ్లకి చెప్పకుండా నా కాడికి ఎందుకొచ్చినావు?"

ఆమె చేట తన వైపు లాక్కుంది. నేను గడప దాటి వచ్చేదాకా తల ఎత్తలేదు.