ఎత్తిన చెయ్యి

తార్‌బహార్ రైల్వే కాలనీలో మా పక్క క్వార్టర్లో ఉండే నర్సక్క ఆన్‌లైన్లో పీహెచ్‌డీ చదివేది. మా ఇంట్లో నెట్ కాస్త నయమని, ఆదివారాలు క్లాసు వినడానికి మా ముందుగదికి వచ్చేది. కెమెరా తెరిస్తే మాట తెగిపోతుందని ఎప్పుడూ మూసే ఉంచేది. అయినా ఏదైనా అడగాలంటే, తెర మీద చెయ్యి బొమ్మ నొక్కడం చాలనట్టు, బడిపిల్లలా నిజంగానే చెయ్యెత్తేది. ఎవరికి కనబడుతుందని నేను నవ్వితే, "ఏటి సెయ్యను, అలవాటైపోనాది" అనేది.

ఆమె పరిశోధన బాలింతల నిద్ర మీద. డ్యూటీ లేని రోజు లోకల్ ట్రైనెక్కి బిల్హా వైపు ఊళ్లకు పోయి, పచ్చిబాలింతల మంచాల పక్కన కూర్చుని వాళ్లు చెప్పింది రాసుకునేది. ఏళ్లు గడిచాయి. ఈలోగా ఆమె గైడు రిటైరయ్యాడు.

కొత్త గైడు మొదటి మీటింగులోనే హిందీలో తేల్చేశాడు. ఈ అంశం పాతబడిందట, వేరేది చూసుకుని మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలట. ఏమైనా చెప్పాలా అని అడిగాడు. తెర మీద బొమ్మ నొక్కడం మరిచి అక్క చెయ్యెత్తింది. సరిగ్గా అప్పుడే వెనక లైన్లో గూడ్సు బండి కదిలింది. ఆ మోతలో తన గొంతు వినబడదని మైకు తెరవకుండా ఆగింది. ఆయన కాసేపు చూసి, "అచ్ఛా" అని వెళ్లిపోయాడు.

బండి పోయాక కూడా చెయ్యి దిగలేదు.

"మీటింగ్ అయిపోయిందక్కా," అన్నాను.

"తెలుసు," అంది, ఖాళీ తెరనే చూస్తూ. "దించితే మరేటి సెయ్యాలో తెలీట్లేదు."