అక్క అడిగిన సూదిమందు

మా అక్కను ముళబాగిలు పక్కన బైరకూరుకు ఇచ్చారు. అక్కడ పట్టుపురుగులు పెంచుతుంది. తాత బంగారు గనిలో పని కోసం వచ్చి స్థిరపడిన కేజీఎఫ్‌లోనే నేను కుట్టుపని చేసుకుంటూ ఉండిపోయాను.

నిరుడు వేసవిలో అక్క కళ్ళు పచ్చబడ్డాయి. ఒళ్ళంతా దురద. అందరూ కామెర్లన్నారు. నంగలి దగ్గర ఒకాయన పసరు పోస్తే తాగింది, పథ్యమూ చేసింది. పచ్చదనం తగ్గలేదు, మనిషి మాత్రం సగమైంది. కోలారులో స్కానింగు తీసి వెంటనే బెంగళూరుకు వెళ్ళమన్నారు. అక్కడ పైత్యరసం కిందికి దిగడానికి లోపల గొట్టం వేశారు. చిన్న ముక్క తీసి పరీక్షించి, పొట్ట వెనకుండే క్లోమంలో క్యాన్సర్ అని తేల్చారు.

అక్క పెద్దగా బెదరలేదు. వాళ్ళ వీధిలో ఒకాయనకు ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తే, ఒంట్లోని రోగనిరోధక కణాలను లేపే సూదిమందు వేశారు. ఆయన ఇప్పుడు మామూలుగా తిరుగుతున్నాడు.

"ఆయప్పకేసిన సూదే నాకూ ఏయండమ్మా" అని బెంగళూరు డాక్టరమ్మను అడిగింది.

డాక్టరమ్మ కన్నడం, తెలుగు కలిపి నిదానంగా చెప్పింది. ఈ గడ్డ తన చుట్టూ గట్టి గోడ కట్టుకుంటుందట. చంపడానికొచ్చిన కణాలు చాలావరకు బయటే ఆగిపోతాయట. లోపలికి వెళ్ళినవి అలిసి చచ్చుబడతాయట. పైగా మన రక్తంలోని మరికొన్ని కణాలను అది పిలిపించుకుని, వాటితోనే మిగతావాటిని అణిచేయిస్తుందట. అందుకే ఆ మందు ఈ రకానికి సాధారణంగా పనిచేయదు. ముందు కీమో ఇవ్వాలి, గడ్డ కుంచించుకుపోతే ఆపరేషన్.

బయటినుంచి వచ్చిన జబ్బని అనుకున్నంతసేపూ నాకు కొంత ధైర్యముండేది, ఇప్పుడదీ పోయింది.

తిరుగు బస్సు ముళబాగిలు దాటింది. అక్క మెల్లగా అంది: "నా ఒంట్లోవే దాని పక్క చేరినాయంట. ఇంగ దేన్ని నమ్మేదే?"

"మందును నమ్ముదాం" అన్నాను. ఆ తర్వాత చాలారోజులు స్నానం చేసేటప్పుడు నా పొట్ట నేనే నొక్కి చూసుకునేదాన్ని.

కీమోకు అక్క జుట్టు రాలింది. వేళ్ళు మొద్దుబారి పట్టుగూళ్ళు చేతిలోంచి జారిపోయేవి. చివరికి గడ్డ కొంత తగ్గిందని ఆపరేషన్ చేశారు. కనిపించినంతవరకు తీసేశామనీ, కనిపించనిది ఉందో లేదో ఇప్పుడే చెప్పలేమనీ అన్నారు.

ఇప్పుడు అక్క నడుస్తుంది, కొంచెం కొంచెంగా తింటుంది. వచ్చే వారం మళ్ళీ స్కానింగు. ఈలోపే కొత్త పురుగులు తెప్పించిందట. మల్బరీ ఆకు కోసేవాళ్ళు దొరకలేదు, స్కానింగుకు రెండురోజులు ముందే రమ్మని ఫోను చేసింది. సరేనన్నాను. బట్టలు సర్దుకుని సంచి పక్కనే చాలాసేపు కూర్చున్నాను, స్కానింగులో ఏం తేలుతుందోనని లేవడానికి ధైర్యం చాలక.