ఆఖరి భాగం ఇంట్లోనే

మా ఆయన ఇరాక్‌లో ఎలక్ట్రీషియన్. అక్కడ యుద్ధం ముదిరినప్పటి నుంచి ప్రతి ఉత్తరంలోనూ ఒకటే మాట: "చదవడానికి ఏదైనా పంపు. సైరన్ మోగితే దీపాలు ఆర్పేస్తారు. పగలు చదివిన కథ చీకట్లో ఒకరు చెబితే క్యాంపంతా వింటుంది." అందుకే వారపత్రికలో వచ్చే సీరియల్ పేజీలు వారం వారం కత్తిరించి దాచాను. అమీర్‌పేటలో అద్దె పుస్తకాల షాపు నడిపే ఖాలిదా ఆపా, ఇరాక్ వెళ్లేవాళ్ల చేత పుస్తకాలు పంపిస్తుందని విని విజయవాడలో రైలెక్కాను.

పొద్దున్నే నాంపల్లిలో దిగి, స్టేషన్‌లోనే కొత్త సంచిక కొన్నాను. సీరియల్ ఆఖరి భాగం అందులోనే ఉంది. తెరవబోయేలోగా సిటీ బస్సు వచ్చింది. టికెట్టు రూపాయిలోపే, కానీ పంజాగుట్ట దాకా నిలబడే రావాలి. అక్కడ ఇడ్లీ తిని అమీర్‌పేటకు నడిచాను. రిక్షా అతను చెప్పిన రేటు వింటే ఎవరైనా నడుస్తారు.

షాపు వెనక గదిలో నలుగురు ఆడవాళ్లు చాప మీద కూర్చుని పుస్తకాలు కుడుతున్నారు. అందరి ఇళ్ల మగవాళ్లూ ఇరాక్‌లోనే ఉన్నారు. ఒకావిడ నవల పైకి చదువుతుంటే మిగతావాళ్లు వింటున్నారు. ఆపా కొడుకు బస్రాలో ఉన్నాడు, చాలా రోజులుగా ఉత్తరం లేదు. ఆమె నా కాగితాలన్నీ పుస్తకంగా కుట్టింది కానీ, కొత్త సంచిక మాత్రం తీసుకోలేదు.

"ఆఖరిది పంపమమ్మా. ఇంట్ల పెట్టుకో. వచ్చి చదువుకుంటడు."

నాకు ఒళ్లు మండింది. "ఏంటండీ ఇది? బాంబుల మధ్య ఉన్న మనిషిని ఏడిపిస్తామా?"

"జర కోపం చేస్తడు, చెయ్యనీ. మా గల్లీ పెయింటర్ మొన్న ఇరాక్ నుంచి వచ్చిండు. సూట్‌కేస్ పట్టుకొని సీదా ఈడికే వచ్చి ఆఖరి భాగం అడిగిండు."

"మీ అబ్బాయికి పంపిన కథ చివరికి ఏమైంది?"

"నాకేం ఎరుక? నేను సుత చదవలే. వాడొచ్చినంక ఇద్దరం చదువుతం."

సంచిక తిరిగి సంచిలో పెట్టుకున్నాను. ఎదురుచూడటమంటే ఊరికే కూర్చోవడం అనుకునేదాన్ని. ఆ గదిలో అదొక పని, రోజూ చేతులారా చేసే పని.

మీవాళ్లకూ పంపాలనుకుంటే శుక్రవారం నమాజు వేళ తప్పించి వెళ్లండి, షాపు మూసి ఉంటుంది. ఇంకో మాట. ఆఖరి భాగం ఇంట్లో ఉంటే చెయ్యి ఊరుకోదు. నాలుగు అంచులూ దారంతో కుట్టేయండి. నేను ఆ రాత్రే కుట్టేశాను. విప్పేది ఆయనే.