జయరాజు అంకుల్ నిద్రపోయిన సినిమా

శుక్రవారం ఫోన్లలోకి కొత్త సినిమా దిగిందంటే మాంచెస్టర్‌లో ఉన్న తెలుగు నర్సులంతా ముందు ఒకటే అడిగేవారు. జయరాజు అంకుల్ మేలుకుని చూశాడా, నిద్రపోయాడా అని.

జయరాజుది గుడివాడ. చిన్నప్పుడే బడి మానేసి దొరికిన పనల్లా చేశాడు. కేర్ హోమ్‌లో ఉద్యోగం వచ్చిన భార్య సలోమితో పాటు మాంచెస్టర్ వచ్చి, ఆసుపత్రి లాండ్రీలో కుదిరాడు. తడి దుప్పట్లు మోసి మోసి నడుము పట్టేసిన మనిషి, ఇంటికొచ్చి కూలబడితే కళ్లు వాటంతటవే మూతపడేవి. ఆ నిద్రను ఆపిన సినిమా మంచిది, ఆపలేనిది కాదు. చూశాక చర్చి గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టేవాడు.

"పాటలకి లేచాను, ఫైటుకి పడుకున్నాను. హీరోకి దెబ్బే తగలదని తెలిశాక నేనెందుకమ్మా మేలుకోవడం?"

ఈ మెసేజ్‌లను హెప్సి అనే నర్సు తెనాలిలో ఉన్న తండ్రికి పంపేది. కిరాణా కొట్టు నడిపే బాపురావు సినిమాలు చూడడు గానీ, ఇవి విని నవ్వుకునేవాడు. ఈయన అబద్ధమాడడే అనేవాడు.

2019లో హెప్సి తమ్ముడు రాజ్ కుమార్ మాటలు రాసిన మొదటి సినిమా థియేటర్‌కి వెళ్లకుండా నేరుగా ఫోన్లలోకి వచ్చింది. బాగుంటే సరే, లేకపోతే హైదరాబాద్‌లో గది ఖాళీ చేసి కొట్లో కూర్చోవాలని బాపురావు కొడుక్కి తేల్చి చెప్పాడు. బాగుందో లేదో జయరాజు గారు చెబితేనే నమ్ముతానన్నాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక హెప్సి అంకుల్‌నీ ఆంటీనీ తన ఫ్లాట్‌కు తీసుకొచ్చింది. టీవీ ముందు గట్టి చెక్క కుర్చీ వేసింది, చిక్కటి కాఫీ కాచింది. కానీ ఇంటికొచ్చినవాళ్లకు అన్నం పెట్టకుండా సినిమా ఎలా వేస్తుంది? ముందు బిర్యానీ పెట్టింది. బయట వాన, లోపల హీటింగు. సినిమా వేశాక సలోమి భర్తను గిల్లుతూనే ఉంది. జయరాజు కళ్లు తెరిచేసరికి టీవీ ఆగిపోయి ఉంది.

"ఎక్కడిదాకా చూశాను?"

"గురక మొదలయ్యేదాకా," అంది సలోమి.

హెప్సి కళ్లలో నీళ్లు తిరిగాయి. "కొట్టు కట్టేశాక నాన్న ఫోన్ చేస్తాడంకుల్. మేలుకునే చూశానని చెప్పండి. ఈ ఒక్కసారికి."

జయరాజు కుర్చీలోంచి లేచాడు. "నీ ఫోన్‌లో పెట్టియ్యమ్మా. నిలబడి నిద్రపోవడం నాకింకా చేతకాలేదు," అని వంటింట్లోకి వెళ్లాడు. సింక్ పక్కన నిలబడి, ఒక చేత్తో నడుము పట్టుకుని చూశాడు. గంట దాటింది. ఉన్నట్టుండి నవ్వాడు. వెనక్కి జరిపి మళ్లీ చూసుకుని మళ్లీ నవ్వాడు.

బాపురావు ఫోన్ చేస్తే హెప్సి స్పీకర్‌లో పెట్టింది.

"వందనాలండి జయరాజు గారూ. మేలుకున్నారా?"

హెప్సి చేతులు జోడించింది.

"నిద్రపోయానండి. హీరో, హీరోయినూ అదేపనిగా వాన చూస్తా కూర్చున్నారు. మాంచెస్టర్‌లో ఉండేవాడికి వాన కొత్తేంటండి?"

హెప్సి కిటికీ వైపు తిరిగిపోయింది.

"తర్వాత లేచి, మిగతాది నిలబడి చూశాను. బస్తాలు దించే కూలీలు ఇద్దరున్నారండి. 'నడుం ఎట్టా ఉందిరా' అంటాడొకడు. 'రేపటి లోడు దించాక చెబుతా' అంటాడు రెండోవాడు. కథ సాగదీశారు గానీ, ఆ మాట మాత్రం ఊరికే కూర్చుని రాసింది కాదండి. ఎవరి దగ్గరో చెవిపెట్టి విన్నాడు మీవాడు."

"అది మా హమాలీ వెంకటసుబ్బయ్య మాట," అన్నాడు బాపురావు. "వీణ్ణి కొట్లో కూర్చోబెడితే ఇదా విన్నది?"

"వినబట్టే రాశాడండి."

"నిద్రపోయానని మీరే ఒప్పుకున్నారుగా. ఇది కూడా నమ్ముతాలెండి. కొట్లోకి ఇంకో మనిషిని చూసుకుంటాను." తర్వాత కూతుర్ని పిలిచాడు. "అమ్మా హెప్సీ, ఆ సినిమా నా ఫోన్‌లోకి ఎట్టా వస్తుందే? సుబ్బయ్యక్కూడా చూపించాలి."

హెప్సి పరుగున వచ్చి ఫోన్ అందుకుంది.

"ముందు కళ్లద్దాలు పెట్టుకో నాన్నా," అంది.