మూడో గుండీ సాక్షిగా

మా అప్ప పెళ్లైన కొత్తలో తీసిన కుటుంబం ఫోటోలో మా బావ మొహం అలుక్కుపోయింది. దానికి కారణం నేను కాను. యాభై ఏళ్లుగా ఇంటిల్లిపాదీ నేనేనంటున్నారు. మొన్న వాళ్ల పెళ్లిరోజు పండగకి ఆ ఫోటోనే గుమ్మమంత ఫ్లెక్సీ చేయించి, ఆ మసక మొహాన్ని అప్ప అత్తారి ఊరు దేవరాపల్లి అంతటికీ చూపించి, మళ్లీ నేనేనన్నారు. (మా వైపు అక్కని అప్ప అంటాం. ఈ నింద వెయ్యడంలో అందరికన్నా పెద్ద గొంతు మా అప్పదే.)

ఆ రోజుల్లో ఫోటో అంటే జేబులోంచి తీసి నొక్కేది కాదు. చోడవరంలో నేను పనికి కుదిరిన స్టూడియోలో ఒక పెద్ద చెక్క కెమెరా ఉండేది. ముందు పలకకి లెన్సు, వెనక పలకకి గరుకు అద్దం, రెంటి మధ్యా కొలిమి తిత్తిలాంటి తోలు మడతలు. నల్లగుడ్డ కప్పుకుని అద్దంలోకి చూస్తే మనుషులు తలకిందులుగా వేలాడేవారు (నన్ను తిట్టే పెద్దవాళ్లని అలా చూసుకోవడం నాకు జీతం కన్నా ఎక్కువ). నాకు ఒకరు కూర్చోబెట్టి నేర్పింది లేదు. స్టూడియో యజమాని మేష్టారు మాత్రం "లెన్సు రంధ్రం సన్నం సెయ్యరా, ముందోళ్లూ ఎనకోళ్లూ అందరూ తేటగా వస్తారు" అనేవారు. వస్తారు, నిజమే. కాని రంధ్రం సన్నం చేస్తే వెలుతురు చాలక లెన్సు కొన్ని సెకన్ల పాటు తెరిచి ఉంచాలి. అంతసేపు కదలకుండా ఉండే మనిషి మా వంశంలో పుట్టలేదు. నిప్పు లోపలికి పెట్టి మా నాయనమ్మ కాల్చే అడ్డచుట్ట ఒక్కటి చాలు, ఫోటో తగలబడడానికి.

అందుకని వేరే దారి ఆలోచించాను. కుర్చీల్లో కూర్చున్నవాళ్ల మొహాలు దగ్గరగా, కిందుగా ఉంటాయి. వెనక నిలబడ్డవాళ్లవి దూరంగా, పైన ఉంటాయి. లెన్సు పలకని కాస్త ముందుకు వంచితే, తేటగా వచ్చే మేర కూడా పాక కప్పులాగ ఏటవాలుగా పడుతుంది. రెండు వరసల మొహాలూ ఆ వాలు మీదే కూర్చుంటాయి, రంధ్రం పెద్దగా ఉంచి చిటికెలో పని ముగించవచ్చు. కెమెరాని ఒక్కరోజుకి అడిగి తెచ్చుకుని, మా పెరట్లో నేల మీద ఒక వరస, అరుగు మీద ఒక వరస బెల్లం దిమ్మలు పేర్చి ఇదంతా సాధించాను. భూతద్దంలో చూస్తే రెండు వరసల్లోనూ చీమల కాళ్లు కనిపించాయి. "ఏట్రా, బెల్లానికి పెళ్లి ఫోటోలా?" అని మా అమ్మ నెత్తి కొట్టుకుంది. మేష్టారు మాత్రం ఆ బెల్లం ఫోటో చూసి, మీసం దువ్వుకుని, "సరే, మీ ఇంటి ఫోటో నువ్వే తియ్యి. బాగొస్తే పెద్ద కెమెరా పనంతా నీ సేతికిస్తాను. పోయిందా, ప్లేట్లు కడుక్కో" అన్నారు. (ప్లేట్లంటే అన్నం తినేవి కావు, బొమ్మ పడే గాజుపలకలు.)

ఫోటో రోజుకి మా బావ కొత్తల్లుడిగా మా ఇంటికి వచ్చాడు. ముందు వరసలో నాన్న, నాయనమ్మ, బావ కుర్చీల్లో కూర్చున్నారు. వెనక అమ్మ, అత్తలు నిలబడ్డారు. సరిగ్గా బావ కుర్చీ వెనక అప్ప. వంగిన లెన్సు పలకని చూసి బావ "ఏటి బావా, కెమెరాకి మెడ పట్టీసిందా?" అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు, అప్ప తప్ప. నేను గుడ్డలో దూరి, భూతద్దం పెట్టి, బావ కనుబొమలూ అప్ప ముక్కుపుడకా ఒకే వాలు మీదకి తెచ్చాను. "ఇంకెవరూ కుర్చీ కదపకండి!" అని అరిచి ప్లేటు దూర్చాను. ప్లేటు వేశాక ఇక లోపల ఏమీ కనపడదు. దాని మూత లాగడానికి వంగినప్పుడు ఎక్కడో కిర్రుమంది. తలెత్తేసరికి బావ బొమ్మలా కూర్చుని ఉన్నాడు. నొక్కేశాను.

ఫోటోలో అందరూ అద్దంలా వచ్చారు. నాయనమ్మ చుట్ట పొగతో సహా. బావ మొహం మాత్రం ఉడికిన గుమ్మడికాయ. కాని అయ్యా, ఆయన చొక్కా మూడో గుండీ చూడండి! నాలుగు కన్నాలూ, దారం పోగూ లెక్కపెట్టుకోవచ్చు. మనిషి ఊగి ఉంటే గుండీ కూడా ఊగాలి కదా? నా చెయ్యి వణికి ఉంటే అందరూ వణకాలి కదా? మనిషి కుర్చీతో సహా మూరెడు ముందుకు వచ్చాడు. ముందుకు వచ్చేకొద్దీ వాలు కిందకి దిగుతుంది, బావ జరిగిన చోట అది మొహం దాటి గుండీ ఎత్తుకి దిగింది. ఇదే చెప్పాను. "అల్లుడి మొగం పోతే గుండీ ఎవడిక్కావాల్రా?" అన్నారు మేష్టారు. ఆ చెరకు సీజనంతా ప్లేట్లు కడిగాను. తరవాత పెద్ద కెమెరా చేతికొచ్చింది, చివరికి స్టూడియో కూడా నాదే అయింది. ఆ మసక మాత్రం నా మీంచి పోలేదు. కడుగుతున్న తొట్టిలోకి కన్నీళ్లు కారుస్తూ "గుండీ... గుండీ..." అని గొణుక్కున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నాకూ నవ్వొస్తుంది. కాని తీర్పు వచ్చాకే నవ్వాలని ఒట్టు పెట్టుకున్నాను.

ఫ్లెక్సీ చూసి వచ్చిన వారానికి ఫోటో, భూతద్దం సంచిలో వేసుకుని దేవరాపల్లి బస్సెక్కాను. బావ వీధరుగు మీద ఉన్నాడు. వంటింట్లోంచి అప్ప "మళ్లీ ఆ గాజుముక్క తెచ్చేవా తమ్ముడా? మా ఆయన మొగం సెడగొట్టింది సాల్లేదా?" అని కేకేసింది. నేను సంచిలోంచి ఫోటో తీసి, గుండీ మీద భూతద్దం పెట్టి, "బావా, నాకూ నీకూ వయసైపోతంది. కుర్చీ జరిపేవా, లేదా? ఒక్క ముక్క సెప్పు" అన్నాను.

బావ వంటింటి వైపు ఒకసారి చూశాడు. భూతద్దాన్ని గుండీ మీంచి తీసి, తన వెనక నిలబడ్డ అప్ప మొహం మీద పెట్టాడు. గొంతు బాగా తగ్గించాడు.

"జరిపేన్రా. కెమెరాని ఎక్కిరించేనని మీ అప్ప ఎనకాల్నించి నడ్డి మీద గిల్లీసింది. కొత్తల్లుణ్ణి, కేకెయ్యలేక కుర్చీతో ముందుకురికేను. ఇదిగో సూడు, నవ్వాపుకోలేక మూతెలా బిగించిందో. ఈ మొగం ఇంత తేటగా తీసేవు కదరా బావా, నాది పోతే పోయిందిలే."